గెంజో గారికి కంపెనీ పూలు

గురువారం పొద్దున సరువతారి ఇకువో పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. నల్లసూటు తొడుక్కుని ఇంట్లోంచి బయటపడాలి. పదకొండు గంటలకు ఊరి చివర అంత్యక్రియల హాల్లో జరిగే వీడ్కోలు సభకు వెళ్ళాలి. వారం రోజులు కూర్చుని రాసిన సంతాప ప్రసంగం చదవాలి, వీలైతే రెండు కన్నీటి బొట్లు రాల్చాలి. వచ్చేటప్పుడు స్టేషన్ దగ్గర గిన్నెడు రామెన్ నూడుల్స్ తిని ఇల్లు చేరాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు. పోయినవాడికి బొత్తిగా లేదు, ఎందుకంటే పోయినవాడు మనిషి కాదు.

"టై అలా ఉరితాడులా బిగించకండి," అంది భార్య చిజుకో, ముడి సరిచేస్తూ. "ఇంతకీ చచ్చిందెవరు? ఆ వీపు మీద రాక్షసుడి పచ్చబొట్టు ఉన్నవాడేనా?"

"గెంజో చావలేదే. నిక్షేపంలా ఉన్నాడు. ఆయన కొట్లాట చచ్చిపోయింది."

"కొట్లాటకి అంత్యక్రియలా! ఎక్కడైనా విన్నామా?"

"ఇరవై ఏళ్ళు మనతో ఉన్న కొట్లాట అది."

"మీతో ఉంది, నాతో కాదు. మీ వయసుకి మా నాన్న ఊళ్ళో అగ్నిమాపక దళానికి పెద్ద. ఆయనా నల్లసూటు వేసేవాడు. కాకపోతే మనుషులు పోతే వేసేవాడు." చిజుకో ఒక అడుగు వెనక్కి వేసి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఆఫీసులో ఏం చెప్పి సెలవు పెట్టారు?"

ఇకువో ఆ ప్రశ్న వినబడనట్టు వంగి బూట్ల లేసులు కట్టుకున్నాడు. లేసులు అప్పటికే కట్టి ఉన్నాయి.

సంగతేమిటంటే, 'ఒనిగవర' అనే వీడియో గేమ్ ఒకటుంది. ఇంటికప్పు మీద దిష్టి తగలకుండా పెట్టే రాక్షసముఖం పెంకు పేరు అది. అందులో కవరదా గెంజో అనే ఇళ్ళకు పెంకులు కప్పే పనివాడు వీధిలోకి వస్తాడు, రౌడీలు అడ్డం పడతారు, ఇక చేతికి ఏది దొరికితే దానితో ఉతుకుతాడు. సైకిలు, దుకాణం బోర్డు, పొగలు కక్కే వంటపాత్ర, ఏదైనా సరే. ఇరవై ఏళ్ళలో ఎనిమిది భాగాలొచ్చాయి, ఎనిమిదింటిలోనూ ఊపిరి సలపని కొట్లాటే. బటన్లు నొక్కి నొక్కి ఇకువో బొటనవేళ్ళు కాయలు కాచాయి.

తొమ్మిదో భాగంలో ఇదంతా తీసేశామని గేమ్ తయారుచేసేవాళ్ళు ప్రకటించారు. ఇకమీదట వంతులట. గెంజో ఒక దెబ్బ కొట్టి వెనక్కి వచ్చి నిలబడతాడు. అప్పుడు రౌడీ ముందుకొచ్చి ఒక దెబ్బ కొట్టి తన చోటికి పోతాడు. మధ్యలో ఒక పలక కనిపిస్తుంది: కొట్టు, కాచుకో, మందు తాగు, పారిపో. ఆడేవాడు తీరిగ్గా ఆలోచించుకుని ఒకటి ఎంచుకోవాలి. రామెన్ తినడానికి రమ్మని పిలిచి గంజి పోసినట్టయింది అభిమానులకు. నెట్‌లో వాళ్ళ చర్చావేదిక అట్టుడికిపోయింది. అందరికంటే ఎక్కువ ఉడికినవాడు 'ఇనుపపిడికిలి'. కురుమెలో వానబూట్లు తయారుచేసే ఒక మోస్తరు కంపెనీలో అమ్మకాల విభాగంలో పనిచేస్తూ, రైతుబజారు పెద్దలకు వంగి వంగి దండాలు పెట్టే సరువతారి ఇకువో రాత్రిపూట పెట్టుకున్న పేరది. ఆ పేరు ఆఫీసులో పురుగుక్కూడా తెలియదు.

వీడ్కోలు సభ ఆలోచన మాత్రం 'మెంతైకో'ది. అన్నంలోకి నంజుకునే చేపగుడ్ల కారం పేరు పెట్టుకున్న ఈ మనిషి అంత్యక్రియల హాల్లో ఉద్యోగి.

"విరిగిన సూదులకి పూజచేసి సాగనంపుతాం. పాత బొమ్మలకి చేస్తాం. ఇరవై ఏళ్ళ కొట్లాటకి చెయ్యకూడదా?" అని రాశాడతను. "గురువారం తొమోబికి. ఆ రోజు ఎవరూ శవాన్ని తీసుకురారు, మా చిన్న హాలు ఊరికే పడుంటుంది. మా మేనేజరుని ఒప్పిస్తాను."

తొమోబికి అంటే పంచాంగంలో ఒక రోజు, ఆ నాడు సాగనంపితే పోయినవాడు స్నేహితుల్ని వెంట లాక్కుపోతాడంటారు. శని పీనుగ ఒంటరిగా పోదన్న సామెత లాంటిదే ఇదీ. అందరూ సరేనన్నారు. ప్రసంగం ఇనుపపిడికిలే చెయ్యాలని పట్టుబట్టారు. ఇకువో పొంగిపోయాడు. పొంగిపోయినవాడు తర్వాత ఏం చెయ్యాలి? సోమవారం ఆఫీసులో సెలవడగాలి.

అక్కడే బుద్ధి గడ్డి తింది. 'సొంత పని' అని రెండు ముక్కలు చెబితే సెలవు దొరికేది. కాని అడగాల్సింది ఇవనాగా గారిని. ఆయన సెక్షన్ పెద్ద, యాభై ఎనిమిదేళ్ళవాడు, నవ్వినా కోప్పడినా ఒకేలా ఉండే మనిషి. కిందటేడు ఆయన భార్య పోయినప్పుడు ఇకువో రోజంతా వర్షంలో గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు గొడుగు పట్టాడు. అప్పటినుంచీ ఇవనాగా గారు అతన్ని ఆఫీసులో అందరికంటే ఒక పిసరు ఎక్కువ నమ్ముతారు. నోటితో అనరు, కాని కష్టమైన దుకాణదారుల పని అతనికే అప్పగిస్తారు. ఇకువో జీవితంలో గర్వంగా చెప్పుకోదగ్గది ఆ నమ్మకం ఒక్కటే.

"గురువారం సెలవా? ఒంట్లో బాగాలేదా?" అన్నారాయన.

"కాదండీ. ఒక... వీడ్కోలు సభ ఉందండీ."

ఇవనాగా గారు కలం కింద పెట్టేశారు. "దగ్గరివాళ్ళా?"

గేమ్ అని చెప్పాలి. నలభై మూడేళ్ళు నిండినవాడు, మొన్ననే భార్యను పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి, గేమ్‌లో కొట్లాట పోయిందని చెప్పాలి. ఇకువో నాలుక మడతపడింది. "ఇరవై ఏళ్ళ పరిచయమండీ," అన్నాడు. అబద్ధం కాదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ మాట పక్క గదిలో మకిగుచి గారి చెవిన పడింది. కంపెనీలో ఎవరింట చావు జరిగినా పూలు, సంతాపం తంతి, వెళ్ళే మనుషులు, అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క చావులోనూ కంపెనీ పరువు పోనివ్వలేదని ఆవిడకు పేరు. ఇకువో తన కుర్చీ చేరేలోపే ఆవిడ వచ్చేసింది.

"పోయినవారి పేరేమిటి బాబూ?"

"కవరదా గెంజో గారండీ." ఇంకో పేరు తోచలేదు.

"నీకేమవుతారు?"

"చుట్టం కాదండీ. నన్ను... తీర్చిదిద్దినవారండీ."

"పాపం. ఏ హాలు? గురువారమా! గురువారం తొమోబికి కదయ్యా! ఆ ఇంట్లో పెద్దవాళ్ళు లేరూ?"

"దహనం ముందే అయిపోయిందండీ. ఇది ఉత్త సభ. ఆయనకి అలాంటి పట్టింపులు ఉండేవి కావండీ."

"ఆయనకి లేకపోతే సరా? ఆయన పోయేవాడు పోయాడు. లాక్కుపోతే మనల్ని కదా!" అని మకిగుచి గారు గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాడు ఇకువో. గండం అప్పుడే పూలకొట్టుకు ఫోన్ చేస్తోంది.

గురువారం హాలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి అతనికి మొదట కనిపించింది నిలువెత్తు తెల్లచామంతుల పూల స్టాండు. దాని మీద ఒక చెక్కపలక, పలక మీద నల్లటి అక్షరాల్లో అతని కంపెనీ పేరు.

"ఇనుపపిడికిలి గారూ! మీ కంపెనీ కూడా మన పక్షమేనా!" మెంతైకో పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "వానబూట్ల కంపెనీవాళ్ళకి ఇంత గుండె ఉందని అనుకోలేదండీ."

ఇకువో చేతులు విడిపించుకుని లోపలికి చూశాడు. అప్పటికే మకిగుచి గారు మెడలో ముత్యాలదండ, చేతికి నల్లతొడుగులతో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. అక్కడ కూర్చోవలసిన ఇద్దరు కుర్రకారు అభిమానుల్ని లేపి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబెట్టింది. వచ్చినవాళ్ళు ఆవిడ ముందు వంగి దండం పెట్టి, తమ తమ నెట్ పేర్లు రాసిన చీటీలు గుండెలకు తగిలించుకుంటున్నారు. ఆవిడ ఒక్కొక్కటీ చదువుతోంది. మెంతైకో. బొగ్గుబస్తా. కొరివిదెయ్యం. మూడోకప్పు. చదివినకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి పోతున్నాయి.

"సరువతారీ," అంది లోగొంతుకతో, "వీళ్ళకి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు లేవా?"

"ఉన్నాయండీ. ఇక్కడ వాడరండీ."

"నిన్నేమని పిలుస్తారు?"

ఇకువో జేబులో చీటీని నలిపి ఉండచుట్టాడు. "నన్ను పిలవరండీ," అన్నాడు.

ఇంతలో వెనకనుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది. ఇవనాగా గారు. నల్లసూటు, చేతిలో జపమాల. కిందటేడు వేసుకున్న సూటే.

"సార్! మీరెందుకొచ్చారు సార్!"

"నువ్వు మా ఇంటి గేటు దగ్గర నిలబడ్డావు," అన్నారాయన. "ఇవాళ నీ పక్కన నేను నిలబడాలి కదయ్యా. ఏడుపొస్తే ఏడువు. నేను ఏమీ అనుకోను."

నిజంగానే ఏడుపొచ్చింది ఇకువోకు. చెప్పెయ్యాలనుకున్నాడు. నోరు తెరిచాడు. ఇవనాగా గారు జేబురుమాలు తీసి చేతిలో పెట్టారు. జేబురుమాలు ఇచ్చిన మనిషితో ఏం చెబుతారు? నోరు మూసుకుని ముక్కు తుడుచుకున్నాడు.

హాల్లో మెంతైకో తన వృత్తిధర్మమంతా చూపించాడు. మెట్లు మెట్లుగా తెల్లపూల వేదిక, దీపాలు, ధూపం పాత్ర. నడిమధ్య నల్లరిబ్బను కట్టిన పెద్ద పటం. అది మొదటి భాగం అట్టమీది బొమ్మ, చేయితిరిగిన చిత్రకారుడు గీసింది, ఫొటో కాదంటే నమ్మలేం. అందులో గెంజో ముఖం కనబడదు. విశాలమైన వీపు, వీపు నిండా కోరలు చాచిన రాక్షసుడి పచ్చబొట్టు.

మొదటి వరసలో ఇవనాగా గారికీ మకిగుచి గారికీ కుర్చీలు వేశారు. కంపెనీ తరఫున వచ్చిన పెద్దలు కదా. మకిగుచి గారు ఆ వీపుకేసి చాలాసేపు చూసింది. తర్వాత తన చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. వెన్నుమీద అంత పచ్చబొట్టున్నవాళ్ళు ఆ దేశంలో ఏ ముఠాల్లో తిరుగుతారో ఆవిడకు చెప్పనక్కర్లేదు.

"ఇప్పుడు ఇరవై ఏళ్ళ అనుబంధం ఉన్న మిత్రుడు సంతాప ప్రసంగం చేస్తారు," అన్నాడు మెంతైకో మైకులో, గొంతు దించి.

ఇకువో కుర్చీకి అతుక్కుపోయాడు. "చదవలేనండీ," అన్నాడు.

"చదువయ్యా," అన్నారు ఇవనాగా గారు. "నేను మా ఆవిడకి చదవలేక మానేశాను. ఇప్పటికీ బాధే. లే."

లేచాడు. కాగితం విప్పాడు. ఒక్కొక్క వాక్యం పొగరుగా, ఉద్రేకంగా తనే రాసుకున్నది. ఇప్పుడు ఒక్కటీ చదవదగ్గట్టు లేదు. చదువుతూనే కత్తిరించుకుంటూ పోవాలని నిశ్చయించుకున్నాడు.

"గెంజో గారూ! ఆ రోజు స్టేషన్ ముందు మీరు సైకిలు తీసుకుని... సైకిలు తీసుకుని... తొక్కారు."

"తొక్కలేదు!" అని వెనకనుంచి బొగ్గుబస్తా అరిచాడు. "దాంతో నలభై మందిని పడగొట్టారు!"

"అవును, పడ... పడ్డారు. చాలామంది పడ్డారు. చేపలబజారులో మీరు ఆ ట్యూనాని..."

"గడ్డకట్టిన ట్యూనాతో ముఠా నాయకుడి దవడ విరగ్గొట్టారు!" ఈసారి నలుగురు ఒక్కసారే అందించారు. అందరికీ కంఠస్థమే. ఎవరో వెక్కిళ్ళు పెట్టారు.

"మీరు ఏనాడూ ఎవరి కోసమూ ఆగలేదు," గబగబా చదివాడు ఇకువో. "వంతు కోసం కూర్చుని ఎదురుచూసేవాడు... బతికున్నా చచ్చినవాడితో సమానమని మాకు నేర్పారు."

ఇవనాగా గారు జపమాల కేసి చూసుకున్నారు. ఇకువో ఆయన ముఖం చూడలేక కాగితం అడ్డం పెట్టుకున్నాడు. ఆ కాగితం వెనకే చచ్చిపోతే బాగుండుననిపించింది.

"నేను ఒప్పుకోను," అని మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. మూడోకప్పు. ఆసుపత్రిలో నర్సు. "పదేపదే ఈ మాటే అంటారు మీరు. వంతుల పద్ధతిలో తప్పేముంది? మా నాన్నకి పక్షవాతం వచ్చాక ఎడమచెయ్యి ఆడదు. ఎనిమిది భాగాలూ పక్కన కూర్చుని చూడ్డమే ఆయన పని. మొన్న తొమ్మిదో భాగం నమూనా వస్తే మొట్టమొదటిసారి ఆయన ఆడారు. ఒక్కో దెబ్బకి పది నిమిషాలు ఆలోచించారు. ఎదుటివాడు ఆగాడు."

"ఆగితే అది కొట్లాటేంటండీ? పోస్టాఫీసులో క్యూ!" అన్నాడు కొరివిదెయ్యం.

"కొట్టడమే కావాలంటే పాతవి ఎనిమిది ఉన్నాయి కదా, అవి ఆడుకోండి!"

"అంటే గెంజోని వృద్ధాశ్రమంలో చేర్చమంటారా?"

"మీకు మాత్రం వయసు రాదా?"

పటం ముందే మాటా మాటా పెరిగింది. ఇటు సగం, అటు సగం లేచి నిలబడ్డారు. మెంతైకో చేతులు జోడించి "పవిత్రమైన చోటండీ, దయచేసి" అని బతిమాలుతున్నాడు. ఆ సందట్లో మకిగుచి గారు మెల్లగా లేచి బయటికి వెళ్ళింది. ఇకువో వెంటపడ్డాడు, ఇవనాగా గారు కూడా వచ్చారు. ఆవిడ వరండాలో ఫోన్ చేతిలో పట్టుకుని, రెండో చేత్తో పూల స్టాండు మీది చెక్కపలక ఊడబీకుతోంది.

"ముఠావాడు సార్!" అంది పలక మీంచి చెయ్యి తియ్యకుండా. "మారుపేర్లు, పచ్చబొట్టు, నలభై మంది! అలాంటివాడికి కంపెనీ పేరుతో పూలు పెట్టామని తెలిస్తే బ్యాంకువాళ్ళు ఖాతా మూసేస్తారు. పోయిన నెలే మన ప్రెసిడెంటు గారు ముఠాలతో సంబంధం పెట్టుకోబోమని సంతకం చేశారు. పోలీసుల సలహా ఫోనుకి చేశాను. పేరు చెప్పాను. కనుక్కుని చెబుతామన్నారు. ముప్ఫై ఏళ్ళు సార్! ముప్ఫై ఏళ్ళలో ఒక్క చావులోనూ మాట రాలేదు!"

ఇవనాగా గారు ఆవిడ చేతిలోంచి పలక తీసుకున్నారు. దాని మీది పేరు చదివారు.

"కంపెనీ పేరు తీసెయ్యండి, అది న్యాయమే," అన్నారు. "దానిచోట నా పేరు పెట్టండి."

"సార్!"

"ఆయన ఎవరైనా కానివ్వండి. ఇతన్ని తీర్చిదిద్దినవాడు. నాకు అది చాలు. అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను."

ఇకువోకు ఇక నిలబడ్డానికి ఏమీ మిగల్లేదు. వరండా తివాసీ మీద మోకాళ్ళ మీద పడి నుదురు నేలకానించాడు.

"క్షమించండి సార్! ఆయన ముఠావాడు కాదు. అసలు మనిషే కాదు."

"మనిషి కాదా?"

"వీడియో గేమ్ అండీ."

తలెత్తే ధైర్యం లేదు.

"అయితే పోయింది గేమా?" అన్నారు ఇవనాగా గారు.

"గేమ్ పోలేదండీ. వచ్చే నెల కొత్తది వస్తోంది."

"మరి గెంజో?"

"అందులోనూ ఉన్నాడండీ."

"మరి ఏం పోయింది?"

"కొట్టుకునే పద్ధతి మారిందండీ. ఇదివరకు ఆగకుండా కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వంతులు వేసుకుంటారండీ." నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా అంతకుముందు మాటకంటే నీచంగా వినబడింది అతనికి. అరుపులు ఆగిపోయి, లోపలివాళ్ళందరూ గుమ్మంలో గుమిగూడి తలలు దించుకున్నారు.

"అంటే ఎవరూ చనిపోలేదు," అన్నారు ఇవనాగా గారు.

"లేదండీ."

"మంచిది," అన్నారాయన. "ఎవరూ చనిపోకపోవడం ఎప్పుడూ మంచిదే."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ మాట ఇకువో గుండెలో సూటిగా దిగింది. సరిగ్గా అప్పుడే మకిగుచి గారి ఫోన్ మోగింది. ఆవిడ రెండు చేతుల్తో పట్టుకుని, కనబడని పోలీసుకు వంగి వంగి దండాలు పెట్టింది.

"అవునండీ, నేనేనండీ... కవరదా గెంజో అన్నానండీ... అది... తీరా చూస్తే ఆయన బొమ్మటండీ. ఆటలో బొమ్మ. పొరపాటైపోయిందండీ." అవతలివాళ్ళు ఏదో చెప్పారు. ఆవిడ ముఖం తెల్లబోయింది. "చిత్తమండీ. చెబుతానండీ." ఫోన్ పెట్టేసి అందరివైపూ చూసింది. "పేరు వినగానే తెలిసిందట ఆయనకి. తొమ్మిదో భాగం విషయంలో తనకీ చాలా బాధగా ఉందట. మీ అందరికీ సానుభూతి చెప్పమన్నారు."

ఎవరూ నవ్వలేదు. ఇవనాగా గారు చెక్కపలకను గోడకు ఆనించి హాల్లోకి నడిచారు. ఆ రాక్షసుడి వీపు ముందు పద్ధతిగా వంగి, ధూపం వేసి, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. వచ్చాక ఊరికే పోకూడదనుకున్నారు కాబోలు. తిరిగి వస్తూ ఇకువో దగ్గర ఆగారు.

"గేమ్ కోసం సెలవు పెట్టినందుకు నాకేమీ లేదు," అన్నారు. "నాతో చెప్పలేకపోయావు చూడు, అదే బాధ."

ఆయన కారు వెళ్ళిపోయేదాకా ఇకువో వంగే ఉన్నాడు. రామెన్ తినలేదు. ఇంటికెళితే చిజుకో ముఖం చూసి ఏమీ అడక్కుండా టీ పెట్టింది. ఏమీ అడక్కపోవడం ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున ఆఫీసులోకి రాగానే ఎదురుపడినవాళ్ళంతా "మీకు కలిగిన నష్టానికి..." అంటూ తలలు వంచారు. బుధవారమే మకిగుచి గారు సంతాపవార్త అన్ని విభాగాలకూ పంపిందని అప్పుడు తెలిసింది. ఇక గత్యంతరం లేదు. పొద్దున సమావేశంలో అందరూ వరసల్లో నిలబడ్డాక ఇకువో ముందుకు వచ్చాడు.

"నిన్న పోయినవారు మనిషి కారు. వీడియో గేమ్‌లోని ఒక పద్ధతి. మీ అందరి సానుభూతినీ మోసంచేసి తీసుకున్నాను. క్షమించండి," అని నడుము విరిగేలా వంగాడు.

వెనకాల బూటడుగులు పోసే విభాగంలోంచి ఒకాయన అడిగాడు, "ఒనిగవరేనా?"

"అవునండీ."

"అయితే సానుభూతి వెనక్కి తీసుకోనులే," అన్నాడాయన. మిగిలినవాళ్ళు పగలబడి నవ్వారు. మకిగుచి గారు మాత్రం నవ్వలేదు. పూల ఖర్చు చిట్టాలో ఏమని రాయాలో ఆవిడకు ఇంకా తేలలేదు.

మూడు వారాలపాటు ఇవనాగా గారు పనిమాట తప్ప ఇంకో మాట ఆడలేదు. కష్టమైన దుకాణాలకు వేరేవాళ్ళని పంపారు. ఇకువో చర్చావేదికలో అడుగుపెట్టడం మానేశాడు, భోజనం సహించడం మానేసింది. పోయింది కొట్లాట కాదని, ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించినా మళ్ళీ దొరకనిదేదో పోయిందని అతనికి తెలిసిపోయింది. ఒక సాయంత్రం ఆయన బల్ల దగ్గరికి పిలిచారు.

"ఆ నర్సమ్మ చెప్పింది నిజమేనా? నేను ఆలోచించుకునేదాకా ఎదుటివాడు ఆగుతాడా?"

"ఆగుతాడండీ."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా అండీ."

ఇవనాగా గారు కిటికీలోంచి బయటికి చూశారు. "మేమిద్దరం రాత్రిళ్ళు పూలబొమ్మల పేక ఆడుకునేవాళ్ళం. ఒక ముక్క నేను, ఒక ముక్క ఆవిడ. చాలా ఆలోచించేది. త్వరగా వెయ్యవే అని విసుక్కునేవాణ్ణి." మళ్ళీ ఇటు తిరిగారు. "ఆ కొత్త గేమ్ వచ్చిన రోజు కొనుక్కుని మా ఇంటికి రా. ఎలా ఆడాలో చూపించు."

ఎలా రానంటాడు? గేమ్ విడుదలైన ఆదివారం పొద్దున్నే ఇకువో ముక్కు మీదికి మాస్కు, కనుబొమల మీదికి టోపీ లాక్కుని దుకాణం ముందు వరసలో నిలబడ్డాడు. వంతు కోసం ఎదురుచూసేవాడు చచ్చినవాడితో సమానమని నల్లసూటులో చదివినవాడు. ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా? మెల్లగా తలెత్తి ముందున్నవాళ్ళని చూశాడు. అవతల మనిషి కూడా మాస్కు వేసుకున్నాడు, టోపీ దించుకున్నాడు. ఆ చెవులు మెంతైకోవి. అతని ముందు బొగ్గుబస్తా. అతని ముందు కొరివిదెయ్యం గొడుగు అడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు, వాన లేకపోయినా. సంతాప సభకు వచ్చినవాళ్ళలో సగంమంది అక్కడే ఉన్నారు. ఎవరూ ఎవర్నీ గుర్తుపట్టలేదు. అంత మర్యాదగా ఆ వరస ముందుకు కదిలింది. మూడోకప్పు ఒక్కతే మాస్కు లేకుండా వచ్చి, తన ప్రతి తీసుకుని, అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టి వెళ్ళింది.

ఇవనాగా గారి ముందుగదిలో భార్య ఫొటో ముందు దీపం వెలుగుతోంది. ఆయన గంట కొట్టి, "ఇదిగో, సరువతారి వచ్చాడు. మొన్న ఆట పోయిందని చెప్పానే, ఆ అబ్బాయే," అని ఆవిడకు పరిచయం చేశారు. ఇకువో ఆ ఫొటోకు కూడా వంగి క్షమాపణ చెప్పుకున్నాడు.

తర్వాత ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద గెంజో, ఎదురుగా కర్ర పట్టుకున్న రౌడీ. పలక వచ్చింది. ఇవనాగా గారు కళ్ళజోడు సవరించుకుని నాలుగు మాటలూ చదివారు. మళ్ళీ చదివారు. 'కాచుకో' మీద వేలు పెట్టి తీసేశారు. లేచి వంటింట్లోకి వెళ్ళి రెండు కమలాపళ్ళు తెచ్చి, ఒకటి ఇకువోకిచ్చి, ఒకటి తీరిగ్గా వలుచుకున్నారు. రౌడీ అక్కడే అటూ ఇటూ ఊగుతూ నిలబడి ఉన్నాడు. ఆయన తొన నోట్లో వేసుకుని 'కొట్టు' నొక్కారు. గెంజో వెళ్ళి ఒక్కటిచ్చి వచ్చాడు. ఇవనాగా గారి ముఖంలో, ఏడాదిన్నరగా ఎవరూ చూడని నవ్వొకటి మెల్లగా పాకింది.

"మనసున్నవాళ్ళయ్యా దీన్ని చేసినవాళ్ళు," అన్నారాయన తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "మొన్న ఆ హాల్లో ఎవడో దీన్ని తిట్టిపోస్తూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఎవడయ్యా వాడు?"

"గుర్తులేదండీ," అన్నాడు ఇనుపపిడికిలి.